బొమ్మ ఒకరిది, పిలుపు మరొకరికి: పత్రికా ప్రకటనల్లో స్త్రీ పురుషుల చిత్రణను ఎలా పరిశీలించాలి?

ప్రశ్న: గుంటూరు విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను జర్నలిజం పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. తెలుగు వారపత్రికల్లోనూ, దినపత్రికలు ఇచ్చే మహిళా పేజీల్లోనూ అచ్చయ్యే ప్రకటనలు స్త్రీ పురుషులను ఏ విధంగా చూపిస్తున్నాయి, ఆ చూపించే తీరు ఏ వర్గం పాఠకులను ఆకట్టుకోవడానికి ఉద్దేశించినది అన్నది నా ప్రాజెక్టు అంశం. ప్రకటనలు దండిగా ఉంటాయన్న ఉద్దేశంతో ఆషాఢం తగ్గింపు అమ్మకాలు మొదలుకొని దసరా దాకా వచ్చిన సంచికలు సేకరించాను. ఒక్కొక్క ప్రకటనలో ఆడవారు ఎందరు, మగవారు ఎందరు, వారు ఏం చేస్తూ కనిపిస్తున్నారు, ఏ వస్తువు పక్కన నిలబడ్డారు అని పట్టిక వేశాను.

పట్టికలో ఆడవారి బొమ్మలే చాలా ఎక్కువగా తేలాయి. చీరలు, నగలు, సబ్బులు, వంటనూనెలు, మసాలా పొడుల సంగతి సరే. అపార్టుమెంట్ల ప్రకటనల్లోనూ, ఆసుపత్రుల ప్రకటనల్లోనూ ముందు నిలబడేది స్త్రీయే. అయితే దీన్నిబట్టి స్త్రీలకు తగినంత ప్రాతినిధ్యం దక్కుతోందని చెప్పవచ్చునా అన్నదే నా సందేహం. బొమ్మల లెక్కకు మించి ఇంకేమి చూడాలి? ప్రకటన ఒక్కటే చేతిలో పెట్టుకుని అది ఎవరిని ఆకట్టుకుంటుందో చెప్పడం సాధ్యమేనా? మా పాఠ్యపుస్తకాల్లోని సిద్ధాంతాలన్నీ అమెరికా, ఇంగ్లండు పత్రికలను చూసి రాసినవి. పెళ్లి, వ్రతం, పండుగ చుట్టూ తిరిగే మన ప్రకటనలకు అవి ఎంతవరకు అన్వయిస్తాయి? పాత పత్రికలతో పోల్చి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: గవర్నరుపేట, ప్రకటనల విభాగం విశ్రాంత ఉద్యోగి

అమ్మా, విజయవాడలో ఒక వారపత్రిక ప్రకటనల విభాగంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. సిద్ధాంతాల సంగతి చదువుకున్నవారు చెబుతారు. టేబుల్ దగ్గర జరిగేది నేను చెబుతాను.

ప్రతి ప్రకటనలోనూ ముగ్గురు మనుషులు ఉంటారు. బొమ్మలో కనిపించే మనిషి ఒకరు, అక్షరాలు ఎవరిని ఉద్దేశించి రాశారో ఆ మనిషి ఒకరు, చివరికి జేబులోంచి డబ్బు తీసే మనిషి ఇంకొకరు. ముగ్గురూ ఒకరే అయిన ప్రకటనలూ ఉంటాయి, ముగ్గురూ వేరైనవీ ఉంటాయి. మీ పట్టికలో ఇప్పటికి మొదటి మనిషి మాత్రమే ఉన్నారు. మిగిలిన ఇద్దరికీ చెరొక గడి చేర్చి, అవే ప్రకటనలను మళ్లీ చూడండి.

పెళ్లిళ్ల సీజనులో వచ్చే నిండు పేజీ నగల ప్రకటన ఒకటి ముందు పెట్టుకోండి. పేజీలో ముప్పాతిక భాగం పెళ్లికూతురే. పాపిటబిళ్ల, బుట్టలు, మెడలో హారం కింద హారం, నడుముకు వడ్డాణం, మోచేతిదాకా గాజులు. చూపు మాత్రం నేలమీదికో, పక్కకో. ఆమె వెనుక కొంచెం మసకగా తండ్రి నిలబడి ఉంటాడు. ఇప్పుడు బొమ్మను చేత్తో మూసి అక్షరాలు చదవండి. తరుగులో తగ్గింపు, పాత బంగారానికి మార్పిడి, నెలనెలా కట్టుకునే పొదుపు పథకం, అమ్మాయి పెళ్లి నాటికి ఎలాంటి దిగులూ లేకుండా చేస్తామన్న భరోసా. వీటిలో ఒక్క మాట కూడా పెళ్లికూతురితో చెప్పినది కాదు. అన్నీ ఆమె తల్లిదండ్రులతో, ముఖ్యంగా తండ్రితో చెప్పినవే. లెక్కలో ఆ ప్రకటన స్త్రీల ఖాతాలో పడుతుంది. సంభాషణలో ఆమెకు చోటు లేదు. ఆడవారు పెట్టుకునే నగల దుకాణాలకు నాగార్జున, జూనియర్ ఎన్టీఆర్ వంటి కథానాయకులు ప్రచారకర్తలుగా నిలవడం కూడా ఈ కోణంలోంచి చూడవలసిన విషయమే. నగ అందాన్ని చూపించడానికి స్త్రీ, బంగారం నాణ్యతకు పూచీ పడడానికి పురుషుడు అన్న పని విభజన అందులో ఉంది.

రెండో ఉదాహరణ మీ గుంటూరుదే. మిరపకు కొట్టే పురుగుమందుల ప్రకటనలు వ్యవసాయ పత్రికల్లోనూ, ఊళ్లకు వెళ్లే దారుల్లో గోడల మీదా ఉంటాయి. తలపాగా, తెల్లచొక్కా, దోసిట్లో ఎర్రటి కాయలు. ఆ రైతు మగవాడే. ఇక చేలోకి వెళ్లి చూడండి. కోతల కాలంలో తెల్లవారకముందే ఆటోల్లోనూ ట్రాక్టర్లలోనూ పొలాలకు బయలుదేరే కూలీల్లో ఎక్కువమంది ఆడవారే. కల్లంలో తాలుకాయ ఏరేదీ, తొడిమలు తీసేదీ వారే. ఆ పంట మీద అన్ని ఆడచేతులు పనిచేస్తుండగా ప్రకటనలో వాటిలో ఒక్కటి కూడా కనిపించకపోవడానికి కారణం, మందుల దుకాణంలో ఖాతా రాయించి డబ్బా తెచ్చుకునేది మగవాడు కావడమే. పొలం ఎవరి పేరున ఉందో, అప్పు ఎవరికి పుడుతుందో ఆ మనిషి ముఖమే ప్రకటనకు ఎక్కుతుంది. శ్రమ ఎవరిదన్నది ప్రకటనదారుకు అవసరం లేదు. కొనేది ఎవరన్నదే కావాలి. కాబట్టి బొమ్మలో ఉన్నవారినే కాదు, ఉండవలసి ఉండి లేనివారిని కూడా రాసుకోండి. నా దృష్టిలో మీ ప్రాజెక్టుకు ప్రాణం అక్కడే ఉంది.

ఇక కొలతల సంగతి. బొమ్మల సంఖ్య ఒక్కటే సరిపోదు. పత్రికలో స్థలాన్ని కొలిచి అమ్ముతారు. వెనుక అట్టకు ఒక ధర, లోపలి అట్టకు ఒక ధర, లోపలి పేజీలకు ఇంకొక ధర. ఏ ప్రకటన ఏ పేజీలో ఎంత చోటు తీసుకుందో, దాని పక్కన ఏ వ్యాసం పడిందో రాసుకోండి. ముఖ సౌందర్యం గురించిన వ్యాసం పక్కనే ముఖానికి రాసుకునే క్రీము ప్రకటన పడితే అది యాదృచ్ఛికం కాదు. మహిళా పేజీలు పాఠకురాళ్ల కోసం పుట్టిన మాట నిజమే. అవి నిలబడింది చీరల దుకాణాలూ నగల దుకాణాలూ ఇచ్చే డబ్బు మీద అన్న మాట కూడా అంతే నిజం. వ్యాసంలా కనిపిస్తూ డబ్బు తీసుకుని వేసినవి ఉంటాయి; చాలావాటికి ఒక మూల చిన్న అక్షరాల్లో గుర్తు ఉంటుంది, వాటిని వేరే లెక్కలో పెట్టండి.

మగవారిని మరిచిపోవద్దు. స్త్రీ పురుషుల చిత్రణ అనగానే అందరూ స్త్రీల బొమ్మలే ముందు వేసుకుంటారు. సిమెంటు, ఇనుప కమ్మీలు, బైకులు, బనియన్ల ప్రకటనల్లో మగవాడు బరువు మోసేవాడు, వేగంగా వెళ్లేవాడు, ఇంటిని నిలబెట్టేవాడు. అలసిపోయినవాడిగానో, బిడ్డకు అన్నం కలిపి పెడుతున్నవాడిగానో కనిపించడం అరుదు. కుటుంబ పత్రికల చివరి పేజీల్లో పురుషుల బలహీనతలకు మందులమ్మే చిన్న ప్రకటనలు చూడండి. మగవాడిని సిగ్గుపరచి వస్తువు అమ్మే పద్ధతి వాటిలో పచ్చిగా కనిపిస్తుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఇటువంటి మందుల ప్రకటనలనూ, స్త్రీల రుతు సమస్యలను నయం చేస్తామనే మందుల ప్రకటనలనూ నిషేధించింది. ఆ చట్టానికి ముందు ఏ మాటలు వాడారు, తర్వాత ఏ మాటలతో చుట్టుతిప్పి చెప్పారు అన్నది పాత సంచికల్లో పరిశీలించదగిన విషయం.

సమాధానం: లక్ష్మీపురం అధ్యాపకురాలు

పైన పెద్దాయన చెప్పిన మూడు గడుల పద్ధతి మీ పనికి చక్కని పునాది. దానికి తోడుగా సిద్ధాంతాల గురించి మీరు అడిగిన ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ ప్రకటనల ఛాయాచిత్రాల మీద చేసిన అధ్యయనం 1979లో పుస్తకంగా వచ్చింది. ఆయన గమనించినవి చిన్న చిన్న భంగిమలు. ఇద్దరిలో ఎవరిని పెద్దగా, ఎత్తుగా చూపించారు. పని చేయించేది ఎవరు, చేసేది ఎవరు. స్త్రీ చేతివేళ్లు వస్తువును గట్టిగా పట్టుకున్నాయా, ఊరికే తాకి ఉన్నాయా. చుట్టూ జరుగుతున్నదానితో సంబంధం లేనట్టు చూపు ఎక్కడికో పోయిందా. ఈ ప్రశ్నలు మన పత్రికలకు నిస్సందేహంగా పనికివస్తాయి. అపార్టుమెంటు ప్రకటనలో భర్త చెయ్యి చాచి భవనాన్ని చూపిస్తుంటే భార్య భవనంవైపు కాక భర్తవైపు చూస్తూ ఉంటుంది. చీర ప్రకటనలో వేళ్లు కొంగు అంచును తాకీ తాకనట్టు ఉంటాయి. ఇవన్నీ ఆయన చెప్పిన కోవలోకే వస్తాయి.

అయితే ఆయన చట్రంలో ఇమడనివి కూడా మనకు ఉన్నాయి. విజయవాడ, గుంటూరు వీధుల్లోనూ పత్రికల్లోనూ వేసవి వచ్చేసరికి కనిపించే కళాశాలల ర్యాంకుల ప్రకటనలను చూడండి. తపాలా బిళ్లంత ఫొటోలు వరుసగా పేర్చి, ఒక్కొక్కదాని కింద మార్కులో ర్యాంకో వేస్తారు. అమ్మాయి ఫొటో, అబ్బాయి ఫొటో ఒకే కొలత, ఒకే చట్రం, ఇద్దరూ సూటిగా కెమెరాలోకే చూస్తుంటారు. భంగిమ లేదు, అలంకారం లేదు. అమ్మాయిని అందం కోసం కాక సాధించిన ఫలితం కోసం చూపించే ప్రకటనలు తెలుగునాట ఇంత విస్తారంగా ఇంకెక్కడా లేవని నా అభిప్రాయం. అక్కడ కూడా పిలుపు తల్లిదండ్రులకే. పిల్లలిద్దరూ సమానంగా కనిపిస్తారు, సమానంగానే మాట లేకుండా మిగులుతారు. మీ ప్రాజెక్టులో ఈ రకానికి ఒక విభాగం కేటాయిస్తే బాగుంటుంది.

ఆకట్టుకోవడం గురించి. ప్రకటన ఒక్కటే చూసి అది ఎవరిని ఉద్దేశించినదో చెప్పవచ్చు. అది ఎవరిని నిజంగా ఆకట్టుకుందో చెప్పలేము. ఈ రెండు వాక్యాల మధ్య దూరాన్ని మీ రాతలో ఎక్కడా చెరపవద్దు. బ్రిటన్‌లో మాధ్యమాలను అధ్యయనం చేసిన స్టూవర్ట్ హాల్ 1973లో ప్రతిపాదించిన వివరణ ప్రకారం, పంపినవారి అర్థాన్ని యథాతథంగా తీసుకునే పాఠకులు ఉంటారు, కొంత తీసుకుని కొంత తమ అనుభవానికి సరిచేసుకునేవారు ఉంటారు, పూర్తిగా తిప్పికొట్టేవారూ ఉంటారు. ఒకే చీర ప్రకటనను చూసి ఒకరు రంగును, ఒకరు ధరను, ఒకరు ఆ మోడల్ నడుము సన్నదనాన్ని గమనిస్తారు. నెదర్లాండ్స్‌లో మహిళా పత్రికల పాఠకులతో మాట్లాడి పరిశోధకురాలు యోకె హెర్మెస్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో తేలిన సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. పాఠకులు ఆ పత్రికలను ఇష్టపడడానికి చెప్పిన ముఖ్యమైన కారణం, పని మధ్యలో తీసి చదివి, పిలుపు రాగానే పక్కన పెట్టేయగలగడం. మన ఇళ్లలో కూర పొయ్యి మీద ఉండగా వారపత్రిక తిరగేసే గృహిణికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఆమె ప్రకటనను చూసేది రెండు మూడు క్షణాలు. మనం ఒక గంటసేపు కూర్చుని విడదీసిన అర్థాలన్నీ ఆమెకు చేరాయని అనుకోవడం తొందరపాటే అవుతుంది.

పాత పత్రికల విషయంలో నేను గృహలక్ష్మితో మొదలుపెట్టమంటాను. స్త్రీల కోసం ఆ మాసపత్రికను 1928లో మద్రాసు నుంచి ప్రారంభించిన కె.ఎన్. కేసరి గారు వైద్యులు. స్త్రీల ఆరోగ్యానికని లోధ్ర అనే ఔషధాన్ని తయారు చేసి అమ్మిన కేసరి కుటీరం ఆయనదే. పత్రికాధిపతి, ప్రకటనదారు ఒకరే అన్నమాట. అదే పత్రికలో బాపట్లకు చెందిన రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ గారు శారద లేఖలు అనే శీర్షిక రాశారు. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం అనే పురస్కారాన్ని మొదట అందుకున్నది కూడా ఆమే. చదువు, వివాహం, హక్కుల గురించి ఆలోచించగల వ్యక్తిగా స్త్రీని పలకరించే లేఖ ఒక పేజీలో, మందు అవసరమైన శరీరంగా ఆమెను పలకరించే ప్రకటన మరొక పేజీలో. ఒకే సంచిక ఒకే పాఠకురాలిని రెండు తీర్లుగా పిలవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల నిల్వ ఉంది. గుంటూరు నుంచి రైలులో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్లేముందు గ్రంథాలయం వారితో మాట్లాడి, ఏ సంవత్సరాల సంపుటాలు చూడనిస్తారో తెలుసుకోండి.

సమాధానం: బెంజిసర్కిల్ డిజైనర్

ప్రకటనలూ ఫ్లెక్సీలూ రూపొందించే వృత్తిలో ఉన్నవాడిగా ఒక్క విషయం జోడిస్తాను. భంగిమలకు అర్థం చెప్పేటప్పుడు ఆ ఫొటో ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఆలోచించండి. పెద్ద సంస్థలు మోడళ్లను పెట్టి ఫొటోలు తీయిస్తాయి. అక్కడ వేలు ఎక్కడ ఉండాలో కూడా ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. స్థానిక దుకాణాల ప్రకటనల్లో చాలావాటికి ఇంటర్నెట్‌లో అమ్మే రెడీమేడ్ ఫొటోలే ఆధారం. సంతోషంగా ఉన్న కుటుంబం కావాలని దుకాణదారు అడుగుతారు. రేపు పొద్దున్నకు పేజీ పంపాలి. దొరికినవాటిలో మన ముఖాలకు కొంచెం దగ్గరగా ఉన్నది పెట్టేస్తాం. ఆ ఫొటోలో భార్య భర్త భుజానికి ఆనుకుని ఉండడం విజయవాడ దుకాణదారు ఆలోచన కాదు, ఎక్కడో తీసిన ఫొటోతో పాటు వచ్చినది. అక్షరాలు మాత్రం పూర్తిగా ఆయనవే. ఒక్కొక్క మాటా మా పక్కన కూర్చుని చెప్పి రాయిస్తారు. అందువల్ల చిన్న ప్రకటనల్లో బొమ్మకంటే మాటలకే ఎక్కువ బరువు ఇవ్వమని నా మనవి.

రంగు గురించి కూడా. ఫొటో వచ్చాక ముఖం కాస్త తేటగా చేయమని అడగడం మామూలు, అందులోనూ ఆడవారి ముఖాల విషయంలో ఎక్కువ. ఒక ప్రకటనలో ముఖం, మెడ, చేతులు మూడు ఛాయల్లో కనిపిస్తే ఆ దిద్దుబాటు జరిగిందని గుర్తుపట్టవచ్చు.

గుంటూరు విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. పట్టికలో కనిపించేవారు, పిలుపు అందుకునేవారు, కొనేవారు అని మూడు గడులు వేసి, బొమ్మనూ అక్షరాలనూ విడివిడిగా నమోదు చేస్తాను. డిజైనర్ గారు చెప్పినదాన్నిబట్టి పెద్ద సంస్థల ప్రకటనలను, స్థానిక ప్రకటనలను వేరు చేయడం తప్పనిసరి అనిపిస్తోంది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. కొనేవారు ఎవరన్నది నేనే ఊహించి రాస్తే అది నా అభిప్రాయం అవుతుంది కదా, దాన్ని ఎలా నిర్ధారించాలి? ప్రకటనల్లో ఇటువంటి చిత్రణకు మన దేశంలో ఏవైనా నియమాలు ఉన్నాయా?

సమాధానం: లక్ష్మీపురం అధ్యాపకురాలు

నియమాల సంగతి ముందు చెబుతాను. స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే చట్టం 1986లో వచ్చింది. అది అసభ్యతను, కించపరచడాన్ని పట్టించుకుంటుంది గాని, స్త్రీని ఎప్పుడూ వంటగదిలోనే చూపించడాన్ని కాదు. ఆ లోటును కొంతవరకు పూరించేది అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఇది 1985లో ప్రకటనల రంగంవారే ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ సంస్థ. నల్లగా ఉన్నవారు పెళ్లికో ఉద్యోగానికో పనికిరానట్టు, దిగులుగా ఉన్నట్టు చూపించకూడదని 2014లో నియమాలు చేసింది. 2022లో స్త్రీ పురుషుల మూస చిత్రణ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం స్త్రీ ఇల్లు శుభ్రం చేస్తున్నట్టు చూపించడం తప్పు కాదు. ఆ పని స్త్రీకే చెందినదని, ఆమెకు వేరే దారి లేదని, పురుషుడు ఎన్నడూ చేయడని సూచించడం తప్పు. మీ పరిశీలనకు ఈ తేడా ఎంతో ఉపయోగిస్తుంది, ఎందుకంటే ఒక్కొక్క ప్రకటనను విడిగా చూస్తే దాదాపు ఏదీ నియమం దాటినట్టు ఉండదు. ఒక సీజను ప్రకటనలన్నీ పక్కపక్కన పరిస్తేనే వేరే దారి చూపించలేదన్న సంగతి బయటపడుతుంది. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారాక బొమ్మల్లోని ముఖాల ఛాయ కూడా మారిందా అన్నది, డిజైనర్ గారు చెప్పిన గుర్తులతో, మీరు పాత కొత్త సంచికలు పక్కన పెట్టి చూడవచ్చు.

ఇక కొనేవారి విషయం. దీన్ని ఊహించవద్దు, అడిగి తెలుసుకోండి. అయితే ప్రకటన నచ్చిందా అని అడిగితే మర్యాదకు నచ్చిందనే చెబుతారు. ముందు అక్షరాలు కనిపించకుండా బొమ్మ మాత్రమే చూపించి, ఇది ఏ వస్తువుకు, ఎవరి కోసం అని అడగండి. తర్వాత బొమ్మ మూసి అక్షరాలు చదివించి అదే ప్రశ్న వేయండి. రెండు జవాబులూ కలవని ప్రకటనలను పక్కకు తీసి పెట్టుకోండి. వాటి మీదే లోతుగా రాయవచ్చు. ఆపైన, మీ ఇంట్లో ఈ వస్తువు కొనాలని ముందుగా అనేది ఎవరు, ఎంతలో కొనాలో తేల్చేది ఎవరు, డబ్బు ఇచ్చేది ఎవరు అని మూడు ప్రశ్నలూ విడిగా అడగండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల దుకాణాల సేల్స్ గర్ల్స్‌తో తప్పక మాట్లాడండి. కౌంటర్ దగ్గర చీర ఎంచుకునేది ఎవరు, ధర వినగానే ఎవరు ఎవరి ముఖం చూస్తారు అన్నది వారికి తెలిసినంతగా ఏ సర్వేలోనూ దొరకదు. ఎవరితో మాట్లాడినా అనుమతి తీసుకోండి. వారి పేర్లు, దుకాణాల పేర్లు రాయవద్దు.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను. పిలుపు ఎవరికి అన్న గడిని మీరు ఒక్కరే నింపవద్దు. కొన్ని ప్రకటనలను మీ జవాబులు తెలియని మరొకరికి ఇచ్చి నింపించి, ఇద్దరి గడులూ ఎంతవరకు కలిశాయో లెక్క కట్టండి. ఆ రెండో వ్యక్తి అబ్బాయి అయితే ఇంకా మంచిది. మీ ఇద్దరికీ తేడా వచ్చిన ప్రకటనలను కొట్టివేయక, ఎందుకు తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడుకుని ఆ చర్చను కూడా నివేదికలో చేర్చండి. మా విద్యార్థుల్లో ఆసక్తి ఉన్నవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. కావాలంటే ఈ వారంలోనే వారిని మీ పనికి కూర్చోబెడతాను.